మందుకు ముందు మాట

పోయిన నెల నా కుడికంటికి శుక్లం ఆపరేషను చేయించుకున్నాను. ముందు రోజు పొద్దున ఒక నర్సు పిల్ల అట్టకి బిగించిన కాగితం పట్టుకుని వచ్చి నా మంచం పక్కన కూర్చుంది. ఇరవై రెండేళ్లుంటాయేమో. "ఆంటీ, ఏయే మందులు వాడుతున్నారు? ఏ మందైనా మీకు పడకపోవడం ఉందా? చూర్ణాలు, పసర్లు, పొడులు ఏమైనా?" అని అడిగింది. నేను చెప్పినవన్నీ రాసుకుంది. రాసుకున్నాక పెన్ను పక్కన పెట్టకుండా "ఇంకేమైనా?" అంది.

నలభై ఏళ్లు జనం పళ్లు చూస్తూ ఇవే ప్రశ్నలు అడిగినదాన్ని నేను. అయినా ఆ "ఇంకేమైనా" విన్నాక నాకు ఇంకో మొహం కళ్లముందుకి వచ్చింది. నూజివీడులో మా డాక్టరు గారి ఆసుపత్రిలో మందులిచ్చే నర్సమ్మ గారి మొహం. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిడకీ ఒక పేరుంది, కాని ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. నేనూ నర్సమ్మ గారనే పిలిచాను.

పొడుగ్గా, సన్నగా ఉండేది. యాభై దాటిన మనిషి. తెల్ల చీర, చేతికి మగవాళ్ల గడియారం. గడియారాన్ని మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేది. ఉంగుటూరు దగ్గర వ్యవసాయదారుల ఇంట పుట్టిందనీ, చిన్నప్పుడే భర్త పోతే అన్నగారు పంతం పట్టి నర్సు చదువుకి పంపాడనీ అనేవారు. ఆ సంగతులు ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు.

మందుల గది ఆసుపత్రి వెనకవైపు ఉండేది. కిటికీలోంచి జనం చీటీ అందిస్తే, లోపలినుంచి ఆవిడ మందు అందించేది. గోడ పొడుగునా సీసాలు. సీసా తీసేటప్పుడు ఒకసారి, మందు పోసేటప్పుడు ఒకసారి, తిరిగి అరలో పెట్టేటప్పుడు ఒకసారి, దాని మీద అంటించిన పేరు పెదాలు కదుపుతూ చదివేది. ఏళ్ల తరబడి అదే చోట ఉన్న సీసాని కూడా.

"రోజూ చూసే సీసాయే కదండీ?" అన్నాను ఒకసారి.

"అందుకే చదువుతున్నా. కొత్త సీసా అయితే నువ్వు చెప్పకపోయినా చదువుతాను" అంది.

మామిడికాయల రోజుల్లో రోగులు బుట్టలతో పళ్లు తెచ్చి ఇచ్చేవారు. మధ్యాహ్నం ఒంటిగంటకి చేతులు మోచేతుల దాకా కడుక్కుని, పెరట్లో కుళాయి దగ్గర నిలబడి, ఒక చిన్నరసం పండు తినేది. తింటున్నంతసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. కిటికీ దగ్గర జనం ఉన్నా సరే, డాక్టరు గారు పిలిచినా సరే. టెంక తెల్లబడేదాకా తిని, మళ్లీ చేతులు కడుక్కుని వచ్చి "ఆ, ఇప్పుడు చెప్పండి" అనేది. ఆ కాసేపు ఆసుపత్రి ఆగేది. దానికి ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

ఆవిడ దగ్గరికి నేను వెళ్లడానికి కారణం నా పరీక్ష తప్పడం. అరవై రెండో, అరవై మూడో సంవత్సరం. హైదరాబాదులో దంతవైద్యం చదువుతున్నాను. రెండో ఏడు పరీక్షల్లో అన్నీ పాసై ఫార్మకాలజీ ఒక్కటీ తప్పాను. మాది మామిడి వ్యాపారం చేసే కుటుంబం. ఆడపిల్లని డాక్టరు చదువుకి పంపడమే మా బంధువుల్లో పెద్ద వింత. అమ్మ సూటిగానే చెప్పింది. "సెప్టెంబరులో కూడా పోతే ఇంక వెళ్లేది లేదు. ఇంట్లో ఉందువుగాని." నాన్నగారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే అమ్మ మాటే ఖాయమన్నట్టు.

అయినా ఆయన ఒక పని చేశారు. మర్నాడు నన్ను డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లారు. "పళ్లు పీకే చదువుకి మందుల పుస్తకం ఇంత లావు ఎందుకండీ? మా అమ్మాయికి మీరే కాస్త చెప్పాలి" అన్నారు.

డాక్టరు గారు నవ్వారు. "పుస్తకం నేనూ మర్చిపోయానండీ. మందులు తెలియాలంటే మా సిస్టర్ దగ్గర కూర్చోమనండి."

నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. కాలేజీలో ప్రొఫెసర్లు చెప్పింది రానిది, ఒక నర్సమ్మ చెబితే వస్తుందా అనుకున్నాను. అయినా వెళ్లాను, వేరే దారి లేదు గనక.

నర్సమ్మ గారు నా నోటుపుస్తకం తీసుకుని పేజీలు తిప్పింది. మందుల పేర్లు, మోతాదులు, ఎర్రసిరాతో గీతలు. నాకు గర్వంగా ఉండే పుస్తకమది.

"బాగా రాశావు అమ్మాయ్. ఇన్ని మందులున్నాయి, వేసుకునే మనిషి ఒక్కరూ కనపడరేంటి?" అంది. పుస్తకం మూసి అరలో పెట్టేసి, కిటికీ పక్కన ఎత్తుపీట చూపించింది. "ఈ వారం చదవొద్దు. ఇక్కడ కూర్చుని విను."

విన్నాను. మొదటి రెండు రోజులు నాకు అర్థమైనదేమీ లేదు. వచ్చిన ప్రతి మనిషినీ ఆవిడ అవే ప్రశ్నలు అడిగేది. డాక్టరు గారు అడిగి పంపిన వాళ్లని కూడా.

"ఇంకే మందైనా వేసుకుంటున్నారా?"

"లేదండీ."

"తలనొప్పికి?"

"తలనొప్పికి కొట్లో పొడి పొట్లం వేసుకుంటానండీ. రోజుకి రెండు."

"మరి లేదన్నారు?"

"అది మందేంటండీ, పొట్లం కదా."

ఈ సంభాషణ రోజుకి ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. మనిషి మారేవాడు, మాట మారేది కాదు. పొట్లం మందు కాదు, టానిక్కు మందు కాదు, పొరుగావిడ ఇచ్చిన మాత్ర మందు కాదు, చుట్టం పట్నంనుంచి తెచ్చిన సీసా అసలే కాదు. డాక్టరు రాసి ఇచ్చిందొకటే మందు. అందుకే ఆవిడ "ఇంకేమైనా?" అని అడిగి ఊరుకునేది. అవతలివాళ్లకి ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా తోచి, అసలు సంగతి అప్పుడు బయటికి వచ్చేది.

మూడో రోజు ఒక నడివయసావిడ చెంప పట్టుకుని వచ్చింది. పంటినొప్పి. నర్సమ్మ గారు నన్ను పిలిచి, "నీ ఇలాకాయే, చూడు" అంది. దవడ పక్కన చిగురు తెల్లగా, కాలిన కాగితంలా లేచి ఉంది. నేను చదివిన జబ్బులన్నీ గుర్తుకు తెచ్చుకున్నాను. ఏదీ సరిపోలేదు.

"ఏం పెట్టావమ్మా అక్కడ?" అని అడిగింది నర్సమ్మ గారు.

"ఆస్ప్రో మాత్రండీ. నొప్పి ఉన్నచోట పెడితే తొందరగా లాగేస్తుందని పెట్టాను."

ఆవిడని నోరు పుక్కిలించమని పంపి, నర్సమ్మ గారు నావైపు తిరిగింది. "ఆస్ప్రోలోని ఆస్పిరిన్ నొప్పిని ఎలా తగ్గిస్తుంది?"

"పొట్టలోంచి రక్తంలోకి వెళ్లి" అని మొదలుపెట్టి, సగంలో ఆగాను.

"మరి చిగురు మీద పెడితే?"

"అది ఆసిడ్ కదండీ. అక్కడ చర్మాన్ని కాలుస్తుంది."

"చూశావా, నీకు వచ్చు. పుస్తకంలో ఉన్నప్పుడు రాదు, ఆవిడ నోట్లో ఉన్నప్పుడు వచ్చింది" అంది. ఆవిడ నన్ను మెచ్చుకున్నది అదే మొదలు.

ఆ తర్వాత చదువు మొదలైంది. పాత క్యాలెండరు కాగితాల వెనక రాయించేది. ప్రతి మందుకీ నాలుగే సంగతులు. ఒంట్లో ఏం చేస్తుంది, ఎంతసేపు చేస్తుంది, ఒంట్లోంచి ఎలా పోతుంది, ఎవరికి ఇవ్వకూడదు. నాలుగోది ముందు చెప్పించేది. అది రాకపోతే మిగతావి వినేది కాదు. మందులకి ఇంటిపేర్లు కూడా చెప్పేది. సల్ఫాడయజీన్, సల్ఫాగ్వానిడీన్, ఇంకా ఎన్ని ఉన్నా ఇంటిపేరు సల్ఫా. "ఆ ఇంట్లో ఒకరితో పడకపోతే, మిగతావాళ్ల దగ్గరా జాగ్రత్తగా ఉండాలి" అనేది. మేలో కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, వీధిలో మామిడికాయల బళ్లు వెళుతుంటే, నేను ఆ ఇంటిపేర్లు వల్లెవేస్తూ కూర్చున్నాను. ఎందుకో సంతోషంగా ఉండేది. తప్పిన పరీక్ష గుర్తుకు రాని రోజులు కూడా ఉండేవి.

అలాంటి ఒక పొద్దున కోటయ్య వచ్చాడు. ముసునూరు వైపు ఒక పెద్ద తోటలో కోతలు చూసే మనిషి. దవడ వాచిపోయి, కన్ను సగం మూసుకుపోయింది. పన్ను కింద చీము పట్టింది. డాక్టరు గారు చూసి, సల్ఫా మాత్రలు రాసి, ఎవరికో బాగా లేదంటే కారులో మైలవరం వెళ్లిపోయారు. కోటయ్య చీటీ కిటికీలోంచి ఇచ్చాడు.

నర్సమ్మ గారు చీటీ చదివింది. మాత్రల సీసా తీసింది, పేరు చదివింది. తర్వాత కోటయ్య మొహం వైపు చూసి సీసా బల్ల మీద పెట్టేసింది.

"కింది పెదవి మీద ఆ మచ్చ ఏంటి కోటయ్యా?"

గుండ్రంగా, నల్లటి ఊదారంగులో, పావలా అంత మచ్చ.

నేను ముందే అందుకున్నాను. "మామిడి సొనండీ. కాయ కోసేవాళ్లందరికీ ఇలాగే పొక్కుతుంది." మా ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకి సొన సంగతి ఒకరు చెప్పాలా.

"అవునండీ, సొనేనండీ" అన్నాడు కోటయ్య. "ప్రతి ఏడూ కోతలప్పుడు పొక్కుద్ది. నల్లబడి తగ్గిపోద్ది."

"ప్రతి ఏడూ అక్కడేనా? చెంప మీద, చేతి మీద ఎప్పుడూ రాలేదా?"

"అక్కడేనండీ."

"సొన వచ్చి ఏటా అదే చోట పడుతుందా?" అంది. కోటయ్య మచ్చని వేలితో తడుముకున్నాడు. "కోతలు లేనప్పుడు ఎప్పుడైనా వచ్చిందా? బాగా ఆలోచించుకో."

అతను చాలాసేపు ఆలోచించాడు. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నారు. "ఒక్కసారి వచ్చిందండీ. వరికోతలప్పుడు మా అమ్మాయి అత్తారి ఊరు వెళ్లాను. అక్కడ విరేచనాలు పట్టుకుంటే మాత్రలిచ్చారు. ఆ సాయంత్రమే పెదవి మండింది."

"వరి చేలో మామిడి సొన ఎక్కడిది?" అంది ఆవిడ మెల్లిగా. "సరే. మరి కోతలప్పుడు తోటలో ఏం తాగుతావు?"

"కాలవ నీళ్లండీ."

"కడుపు పాడవుతుందా?"

"ఏటా అవుద్దండీ. అందరికీ అవుద్ది. ఆ తెల్లమాత్రలే తెప్పించుకుని వేసుకుంటాం."

ఆవిడ సీసా మీద పేరు నాకు చూపించింది. విరేచనాలకి వేసుకునే ఆ తెల్లమాత్రల ఇంటిపేరూ అదే. సల్ఫా. కాలవ నీళ్లు, విరేచనాలు, మాత్ర, మచ్చ. ఏటా ఇదే వరస. ఏటా సొన మీదకి నెట్టారు. నేనూ నెట్టాను.

ఆవిడ మాత్రలు ఇవ్వలేదు. గోరువెచ్చటి ఉప్పునీళ్లిచ్చి పుక్కిలించమని, డాక్టరు గారు వచ్చేదాకా వరండాలో కూర్చోమంది. గంట గడిచేసరికి కోటయ్య యజమాని, తోట గుత్తకి తీసుకున్న ఆసామి, వచ్చాడు. కోతలు ఆగిపోయాయని కోపంగా ఉన్నాడు.

"డాక్టరు గారు రాశాక ఇవ్వడానికి నీకేం అడ్డమమ్మా? ఆయనకన్నా నీకు ఎక్కువ తెలుసా?"

"తెలియదండీ. ఆయన వాపు చూసి రాశారు. ఈ మచ్చ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పాక కూడా ఇదే ఇమ్మంటే ఇస్తాను."

"నొప్పితో గిలగిల్లాడుతున్నాడు కదా."

"అవునండీ, నాకూ కనపడుతోంది" అంది. గొంతు పెంచలేదు. కాని బల్ల మీద ఆనించిన ఆవిడ చేతివేళ్లు తెల్లబడడం నేను చూశాను. డాక్టరు గారు కోప్పడితే ఆవిడ ఉద్యోగం పోవచ్చు. కోటయ్య వాపు ముదిరితే ఊరంతా ఆవిడనే అంటుంది. అవన్నీ ఆవిడకి తెలుసు.

డాక్టరు గారు పన్నెండు దాటాక వచ్చారు. ఆసామి ఎదురెళ్లి అంతా చెప్పాడు. ఆయన మొహం చిట్లించుకునే లోపలికి వచ్చారు. నర్సమ్మ గారు నాలుగు మాటల్లో సంగతి చెప్పింది. ఆయన కోటయ్య పెదవిని వెలుగులోకి తిప్పి చూశారు. ఆవిడ అడిగినవే మళ్లీ అడిగారు. తర్వాత చీటీ తీసుకుని చింపేశారు.

"పెన్సిలిన్ ఎప్పుడైనా తీసుకున్నాడా, అడిగారా సిస్టర్?"

"అడిగానండీ. కాలికి దెబ్బ తగిలినప్పుడు రెండుసార్లు తీసుకున్నాడు. ఏమీ కాలేదట."

"అయితే అది ఇద్దాం. ఇచ్చాక ఒక గంట కూర్చోబెట్టండి." ఆసామి వైపు తిరిగి, "పొరపాటు నాదండీ. నేను అడగలేదు" అన్నారు. అప్పట్లో ఒక డాక్టరు నోట ఆ మాట వినడం నాకు కొత్త.

కోటయ్యకి చదువు రాదు. అట్టముక్క మీద రాసిస్తే ఎక్కడో పారేస్తాడని, ఆవిడ అతని చేత నోటికి వచ్చేదాకా చెప్పించింది. "నాకు సల్ఫా పడదు." కోటయ్య వాచిన దవడతో "సల్పా పడదు, సల్పా పడదు" అంటుంటే వరండాలో జనం నవ్వారు. అతనూ నవ్వబోయి చెంప పట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం జనం వెళ్లిపోయాక నేను అడిగాను. "అంతమందిలో ఆ మచ్చ మీకెలా కనపడిందండీ?"

ఆవిడ ఒక వరస సీసాలు సర్దింది. తర్వాత నావైపు చూడకుండానే చెప్పింది.

"వార్డులో పనిచేసే రోజుల్లో ఒక బాలింత ఉండేది. జ్వరం. ఈ మాత్రలే రాశారు. ఆ అమ్మాయి పెదవి మీదా ఇలాంటి మచ్చ ఉంది. నేను చూశాను. చూసి అడగలేదు. ఒళ్లంతా పొక్కి, ఆరో రోజున పోయింది. అదీ ఇదీ ఒకటేనో కాదో నాకు తెలియదు. అడిగి ఉంటే తెలిసేది. మాత్ర చేత్తో ఇచ్చింది నేను. నన్నెవరూ ఒక్క మాట కూడా అనలేదు అమ్మాయ్."

ఆవిడ చేతిలో సీసా అరలో పెట్టి, "క్యాలెండరు కాగితం తియ్యి. సల్ఫా ఎవరికి ఇవ్వకూడదో రాయి" అంది. రాశాను. ఆ పరీక్షకి నేను రాసుకున్న వాటిల్లో నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది ఆ ఒక్క కాగితమే.

సెప్టెంబరు పరీక్షలో ఎగ్జామినరు గారు ఒక మందు పేరు చెప్పి, దాని గురించి చెప్పమన్నారు. నేను అలవాటుకొద్దీ ఎవరికి ఇవ్వకూడదో ముందు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి "అటునుంచి మొదలుపెట్టావేంటమ్మా?" అన్నారు. "మాకు అలాగే చెప్పారండీ" అన్నాను. ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. పాసయ్యాను. ఇంటికొచ్చి నర్సమ్మ గారికి చెబితే, "ఎన్ని మార్కులు?" అంది.

"వందకి యాభై ఎనిమిదండీ."

"ఆ నలభై రెండూ ఏంటో చూసుకో. రోగులు వాటితోనే వస్తారు" అంది. అని, పండ్ల కాలం కాదు గనక, ఒక మామిడి తాండ్ర ముక్క చేతిలో పెట్టింది.

చదువు పూర్తిచేసి నూజివీడులోనే ప్రాక్టీసు పెట్టాను. పల్లెల్లో పనిచేయడానికి ఆడపిల్లలకి మా ఊళ్లో ట్రైనింగు మొదలుపెట్టినప్పుడు, డిగ్రీ ఉందని మందుల పాఠం నన్ను చెప్పమన్నారు. ఒప్పుకున్నాను, కాని వారంలో మూడు రోజులు నర్సమ్మ గారు చెబుతారని షరతు పెట్టాను. తోట ఆసామికి జంకని మనిషి, పద్దెనిమిది మంది పిల్లల ముందు నిలబడేసరికి నోట మాట రాక చెమటలు పట్టి, సుద్దముక్క విరగ్గొట్టేసింది. రెండో రోజు నల్లబల్ల వదిలేసింది. ఖాళీ సీసాల బుట్టతో వచ్చి, పిల్లల్ని బెంచీల మీంచి దింపి, వాళ్ల మధ్య కింద కూర్చుంది. ఇంక ఇబ్బంది లేకపోయింది.

ట్రైనింగు మొదలైన రెండో ఏడు సంగతి. నా దగ్గరికి వచ్చే చిన్నపిల్లల్లో కొందరి పళ్లకి అడ్డంగా పసుపు, గోధుమరంగు చారలు కనపడడం మొదలైంది. తల్లులు నీళ్ల వల్ల అనుకునేవారు. నేను పత్రికల్లో చదివాను, పసితనంలో టెట్రాసైక్లిన్ ఇస్తే పళ్లలోకి దిగి రంగు నిలిచిపోతుందని. తల్లులని అడిగాను. ముగ్గురు ఒకే జవాబు చెప్పారు. పసుపుపచ్చ టానిక్కు. మా డాక్టరు గారి ఆసుపత్రి కిటికీలోంచి ఇచ్చింది. అది టెట్రాసైక్లినే. ఆ వారమే నర్సమ్మ గారు క్లాసులో ఆ మందు గురించి "పసిపిల్లలకి భయం లేకుండా ఇవ్వొచ్చు" అని రాయించిందని నాకు తెలుసు.

చెప్పడానికి నాకు వారం పట్టింది. ఒక ఆదివారం పొద్దున ఆవిడ గదికి వెళ్లి, నేల చూస్తూ చెప్పాను. ఆవిడ విని, "పిల్లల్ని చూపించు" అంది. ఒక తల్లి ఎనిమిదేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. నర్సమ్మ గారు ఆ పిల్లని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పళ్లు ఒక్కొక్కటే చూసింది.

"ఇది పోతుందా?"

"పోదండీ. రంగే, నొప్పీ అదీ ఉండదు. పళ్లు బాగానే ఉంటాయి."

"ఇంకెంతమందికి ఇచ్చి ఉంటాను?"

"అప్పుడు ఎవరికీ తెలియదండీ. పుస్తకాల్లో కూడా లేదు."

"ఊఁ" అంది. పిల్ల తల నిమిరి పంపించేసింది.

సోమవారం నా పాఠం. నేను వెళ్లేసరికే ఆవిడ క్లాసులో ఉంది. కింద కూర్చోలేదు, నల్లబల్ల ముందు నిలబడి ఉంది. "పోయినవారం టెట్రాసైక్లిన్ పసిపిల్లలకి ఇవ్వొచ్చని చెప్పాను. అది తప్పు. కొట్టేయండి" అంది. పిల్లలు తలలు వంచి కొట్టేశారు. ఆవిడ వరసల మధ్య నడుస్తూ, ఒక్కొక్కరి పుస్తకం చూసింది. ఒక పిల్ల సన్నగా ఒక గీత గీసి వదిలేస్తే, "కనపడకూడదు, ఇంకా నల్లగా కొట్టు" అంది.

అందరివీ అయ్యాక సుద్దముక్క నా చేతికిచ్చి, తిన్నగా వెళ్లి ఆఖరి బెంచీ మీద, ఇద్దరు పిల్లల మధ్య సర్దుకుని కూర్చుంది. పక్కపిల్ల దగ్గర ఒక కాగితం చింపించి తీసుకుంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. పన్ను ఎముకలోపల ఎప్పుడు తయారవుతుందో, మందు అందులోకి ఎలా చేరుతుందో బొమ్మ గీశాను. వెనక బెంచీలోంచి చెయ్యి లేచింది.

"కడుపుతో ఉన్నవాళ్లకి ఇస్తే, లోపల బిడ్డ పళ్లకి కూడా పడుతుందా?" అని అడిగింది నర్సమ్మ గారు.

"పడుతుందండీ. నాలుగో నెల దాటినప్పటినుంచి ఇవ్వకూడదు. బిడ్డకి ఎనిమిదేళ్లు నిండేదాకా ఇవ్వకూడదు."

"కొంచెం మెల్లిగా చెప్పు అమ్మాయ్" అంది, తల ఎత్తకుండా రాసుకుంటూ.